కుముదవల్లి పెరటి కప్పలు

అనగనగా అంటే నిన్నామొన్నటి సంగతి కాదర్రా. మీ తాతగారి తాతగారు ఇంకా బోసినోటితో ఉగ్గు తాగుతున్న రోజులవి. అప్పుడు ముత్యాలమడుగు అనే రాజ్యాన్ని భూరిసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఊఁ కొట్టండి మరి. మీరు ఊఁ కొట్టకపోతే ఆ రాజు సింహాసనం మీదే కునుకు తీస్తాడు, కథ అక్కడే ఆగిపోతుంది.

ఆ రాజుకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు వీరకేతుడు, రెండోవాడు రణకేతుడు, మూడోది కుముదవల్లి. పెద్దవాడికి కత్తి అంటే ఇష్టం. రెండోవాడికి గుర్రం అంటే ఇష్టం. కుముదవల్లికి మాత్రం "ఎందుకు?" అని అడగడం ఇష్టం. చీమలు వరసగానే ఎందుకు నడుస్తాయి? బీరపువ్వు సాయంత్రమే ఎందుకు విచ్చుకుంటుంది? పాలు పొంగుతాయి గాని నీళ్ళెందుకు పొంగవు? అడిగి అడిగి అందరి ప్రాణాలూ తోడేసేది. వంటింట్లో పోలమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. ఎక్కువ ప్రశ్నలు ఆవిడకే తగిలేవి.

"పోలమ్మా, మన రోకలి మిరపకాయలు దంచినప్పుడల్లా ఎందుకు తుమ్ముతుంది?"

"రోకలి తుమ్మడమేమిటి అమ్మాయిగారూ! తుమ్మేది నేను. మీ ప్రశ్నలకి జవాబు చెప్పేసరికి అక్కడ పప్పు మాడిపోతోంది, తప్పుకోండి."

కాని కుముదవల్లి చూసింది. పోలమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నప్పుడు కూడా తుమ్ము వినిపించింది. ఎవరు చెప్తారు జవాబు? ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఇలా ఉండగా ఒక ఏడు ముత్యాలమడుగులో వాన పడలేదు. మడుగు ఎండింది, చేలు బీటలు వారాయి. ఎండాకాలం మళ్ళీ వచ్చేసరికి పశువులు నీళ్ళ కోసం ఖాళీ తొట్లు నాకడం మొదలుపెట్టాయి. అప్పుడు రాజసభకి ఒక మాంత్రికుడు వచ్చాడు. వాడి పేరు ధూమజటుడు. వాడి జడల్లోంచి ఎప్పుడూ పొగ వస్తూనే ఉంటుంది. నెత్తిమీద ఎవరో కుంపటి పెట్టి మరిచిపోయారని పిల్లలు నవ్వుకునేవారు. ఆ పొగ ఉన్నంతసేపే వాడి మంత్రాలు పారతాయి. వాడు పాంకోళ్ళు టకటకలాడిస్తూ వచ్చి, వాకిట్లో రాణిగారు వేసిన ముగ్గు తొక్కి, తివాచీ తొక్కి, దారిలో పడుకున్న పిల్లి తోకని కూడా తొక్కి సింహాసనం ముందు నిలబడ్డాడు.

"రాజా! మబ్బులన్నీ మూటగట్టి నా గుహలో పడేశాను. నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళిచేస్తే మూట విప్పుతాను. లేకపోతే మీరంతా ఎండి వరుగులైపోతారు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు పనికిరావు కాబట్టి జ్యేష్ఠం దాటకుండా ముహూర్తం పెట్టించు."

వీరకేతుడు కత్తి దూశాడు. ధూమజటుడు పకపకా నవ్వాడు.

"పొడువు నాయనా, పొడువు. నా ప్రాణం నా ఒంట్లో ఉంటేగా! కొన్నేళ్ళ కిందట కొండవాగు రాజకుమారుడు ఉదయవర్ధనుడు కూడా నీలాగే మీదికొచ్చాడు. ఇప్పుడు ఎవరింట్లోనో ఏ సామానో అయి పడి ఉన్నాడు. చెంబో, చీపురో, నాకే గుర్తులేదు."

ధూమజటుడు కాబోయే అల్లుణ్ణి కదా అని భోజనానికి కూర్చుంటానన్నాడు. కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

ఆ పెరటి గురించి చెప్పాలి మీకు. అక్కడొక బావి, బావి పక్కన బట్టలుతికే బండ, ఒక నీళ్ళ గోలెం, అరటి పాదు, ఒక నిమ్మచెట్టు ఉండేవి. వంటింటి నీళ్ళూ స్నానాల నీళ్ళూ అటే పారతాయి. అందుకని ఊరంతా ఎండిపోయినా ఆ పెరడు మాత్రం తడిగా ఉండేది. చుట్టుపక్కల కప్పలన్నీ అక్కడికే చేరాయి.

కుముదవల్లి వంటింటి గుమ్మం చాటు నుంచి చూస్తోంది. అంతసేపూ కనిపించినదల్లా తొక్కుకుంటూ వచ్చిన మనిషి, పెరటి గుమ్మం దగ్గర పాంకోళ్ళు విప్పేశాడు. వంగి నేల చూసి ఒక అడుగు వేశాడు. మళ్ళీ వంగి చూసి ఇంకో అడుగు వేశాడు. ఇంతలో కాలి ముందు నుంచి ఒక చిన్న కప్ప చెంగున దూకింది. ధూమజటుడు కెవ్వుమని వెనక్కి గెంతాడు. నుదుటి మీద చెమట పట్టేసింది.

'పిల్లి తోక తొక్కినవాడు కప్పని తొక్కడానికి ఎందుకింత భయపడుతున్నాడు?' అనుకుంది కుముదవల్లి. ఆలోచించిన కొద్దీ ఒక్కటే జవాబు దొరికింది. వాడు అలా వెళ్ళగానే తండ్రి దగ్గరికి పరిగెత్తింది.

"నాన్నగారూ! వాడి ప్రాణం మన పెరట్లోనే ఉంది. ఒక కప్పలో ఉంది."

సభంతా గొల్లున నవ్వింది. అన్నలిద్దరూ పొట్టలు పట్టుకున్నారు.

"పిచ్చి చెల్లాయ్! మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంటుందో ఉయ్యాలలో పిల్లలకి కూడా తెలుసు. ఏడు సముద్రాల అవతల, మర్రితొర్రలో, చిలుకలో ఉంటుంది. మేం వెళ్ళి తెస్తాం చూడు."

పెద్దన్న తూర్పుకి ఓడ ఎక్కాడు, చిన్నన్న పడమరకి ఓడ ఎక్కాడు. కుముదవల్లి పెరట్లోకి దిగింది.

దిగేసరికి పోలమ్మ సలసల కాగే గంజి తెచ్చి తూములో పోయబోతోంది. "ఆగు పోలమ్మా! తూములో కప్పలున్నాయి. చల్లార్చి పొయ్యి" అని కుముదవల్లి చెయ్యి పట్టుకుంది. పోలమ్మ గొణుక్కుంటూ గంజి పక్కన పెట్టింది. అప్పుడు బండ పక్కనున్న పగిలిన కుండ కింద నుంచి ఒక గొంతు వినబడింది.

"చల్లగా ఉండవే పిల్లా! మా వాళ్ళలో ఎంతమంది ఆ గంజికి బొబ్బలెక్కి పోయారో."

కుముదవల్లి వంగి చూసింది. ఒంటినిండా పొక్కులతో, కళ్ళ వెనక రెండు బుడిపెలతో, పొడిబారిన మట్టిరంగులో ఒక ముసలి కప్ప కూర్చుని ఉంది. మనమైతే ఛీ అని ఉండేవాళ్ళం. కుముదవల్లి నేలమీద చతికిలబడి, "అవ్వా, నీ ఒంటిమీద ఇన్ని పొక్కులెందుకున్నాయి?" అని అడిగింది.

ముసలి కప్ప మురిసిపోయింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఎవరూ ప్రశ్న అడగలేదు. "మా జాతి అంతే. నన్ను నోట పెట్టుకున్న కుక్కకి మూడు పూటలు అన్నం సయించదు. నన్ను పొక్కులవ్వ అంటారు" అంది. తరవాత గొంతు తగ్గించి చెప్పింది. "పిల్లా, ఈ పెరట్లో మాది కానిదేదో ఉంది. గాలి తిరిగినప్పుడల్లా పొగ వాసన వస్తోంది. కాని ఎంత వెతికినా మాకు కనిపించడం లేదు. తనంతట తాను కదిలినదే మా కంటికి ఆనుతుంది. కదలకుండా కూర్చున్నది ఎదురుగా ఉన్నా మాకు లేనట్టే. కదలనిదాన్ని కూడా చూడగల కళ్ళు నీవి. నువ్వు వెతుకు. ఒక్కసారి నా కంటబడిందా, మిగతాది నా నాలుక చూసుకుంటుంది."

కుముదవల్లి వెతకడం మొదలుపెట్టింది.

మొదట బావి దగ్గర బురదలో ఒకటి కనిపించింది. అరచేయంత ఉంది. పచ్చటి ఒళ్ళు, వీపు మధ్య నిలువునా లేత పసుపు గీత. గుడ్లురిమి చూస్తోంది. "అవ్వా, దొరికింది! దాని చూపు అచ్చం మాంత్రికుడి చూపే!"

"పప్పులో కాలేశావే పిల్లా!" అంది పొక్కులవ్వ. "అది బోదురుకప్ప. దానికి ఎప్పుడూ ఆకలే, అందుకే ఆ చూపు. అదిగో, మిడత వెనక ఎలా పడిందో చూడు. ఎవరి ప్రాణమో మోస్తున్నదైతే అంత ధైర్యంగా బయట గెంతుతుందా?"

నిజమే కదా అనుకుంది కుముదవల్లి. మర్నాడు స్నానాలగది గోడకి ఒక సన్నటి కప్ప అంటుకుని ఉండడం చూసింది. సున్నం గోడకి సున్నం రంగులో ఉంది. వేలితో తాకితే ఎగిరి కొయ్య స్తంభం మీదికి పోయింది. కాసేపటికి కొయ్యరంగులోకి మారిపోయింది. "అవ్వా, ఇదే! రంగు మార్చింది! మంత్రం కాకపోతే ఏమిటి?"

"పప్పులో కాలేశావే పిల్లా! దాని వేళ్ళు చూశావా?"

దగ్గరికెళ్ళి చూసింది. ప్రతి వేలి కొసనా గుండ్రంగా, బొట్టుబిళ్ళ పెట్టినట్టు ఒక చిన్న మెత్త ఉంది. ఆ మెత్తలతోనే అది గోడకి అంటుకుంటోంది. "గోడలూ చెట్లూ ఎక్కే జాతి అది. రంగు మారడం దాని పుట్టుకలోనే ఉంది" అంది అవ్వ. కుముదవల్లి దానికి బొట్టుకప్ప అని పేరు పెట్టుకుంది.

మూడోది అరటి పాదులో దొరికింది. పొట్టి మూతి, పొట్టి కాళ్ళు, పొంగిన బూరెలా గుండ్రంగా ఉంది. కుముదవల్లి చూస్తుండగానే కూర్చున్నది కూర్చున్నట్టే నేలలోకి దిగిపోయింది. పైన మట్టి కప్పుకుపోయింది. "మాయమైపోయింది అవ్వా! ఈసారి మాత్రం ఇదే!"

"పప్పులో కాలేశావే పిల్లా!" అంటూ పొక్కులవ్వ పొట్ట ఊగేలా నవ్వింది. "దాని మడమల దగ్గర గరిట అంచు లాంటి గట్టి చర్మం ఉంటుంది. వెనక్కాళ్ళతో తవ్వుకుంటూ వెనక్కి దిగిపోతుంది. వాన వచ్చేదాకా అలా పడుకుంటుంది. మాంత్రికుడంటే మీకు భయం. మాకు వాన రాకపోవడమే భయం. పడుకున్నవాళ్ళు లేవకుండానే పోతారు పిల్లా."

కుముదవల్లికి ఏడుపొచ్చింది. అప్పటిదాకా తన పెళ్ళి ఎలా తప్పించుకోవాలా అని మాత్రమే అనుకుంది. ఆ మట్టికింద కూడా ఎవరో తనలాగే ఎదురుచూస్తున్నారని ఆ రోజే తెలిసింది. ఆ ఎండలో అవ్వ నోరెండిపోతుందేమోనని ఒక ఆకుదొప్పలో చల్లటి నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"తాగు అవ్వా."

పొక్కులవ్వ మెల్లిగా వెళ్ళి దొప్పలో కూర్చుంది.

"అయ్యో! తాగమంటే కూర్చున్నావేమిటి?"

"ఇదే తాగడం. మేం నోటితో నీళ్ళు తాగం. పొట్టకింద తోలుతోనే పీల్చుకుంటాం. ఏ జాతి కప్పైనా అంతే. రాజుగారి పెరట్లో పుట్టి ఇది కూడా తెలియదా?" అంటూ అవ్వ హాయిగా కళ్ళు మూసుకుంది.

కుముదవల్లికి కొత్త ప్రశ్నలు పుట్టుకొచ్చాయి. ఆ రోజు నుంచి ప్రతి కప్ప దగ్గరా కూర్చుని చూసేది. పురుగు మింగేటప్పుడు కప్ప కళ్ళు లోపలికి దిగిపోతాయని కనిపెట్టింది. గోలెంలో కళ్ళు మాత్రం పైకి పెట్టి తేలేదానికి, అదిలిస్తే నీళ్ళమీదే తప తప గెంతుతూ పోతుంది కాబట్టి, తపతపకప్ప అని పేరు పెట్టింది. చీరకుచ్చెళ్ళ నిండా బురద చేసుకునేది. రాణిగారు తల పట్టుకునేవారు. కాని వాసన వస్తున్న పొగకప్ప మాత్రం దొరకలేదు. రోజులు గడిచిపోయాయి.

జ్యేష్ఠం చివరికొచ్చేసరికి అన్నలు తిరిగొచ్చారు. వీరకేతుడు ఏడు సముద్రాలూ దాటి బంగారు పంజరంలో ఒక చిలుకని తెచ్చాడు. రణకేతుడికి ఏ చిలుకో తేలక ఓడనిండా చిలుకల్నే తెచ్చాడు. కోటలో ఎవరి మాటా ఎవరికీ వినబడకుండా పోయింది. ధూమజటుడు వచ్చి పంజరంలో వేలు పెట్టి, "ఏమే, నా ప్రాణం నువ్వేనా?" అని అడిగాడు. చిలుక "జామకాయ పెట్టు" అంది. వాడు పడీపడీ నవ్వి, "రేపే ముహూర్తం" అని వెళ్ళిపోయాడు.

భూరిసేనుడు కూతుర్ని దగ్గరికి తీసుకుని, రాజునన్న మాట కూడా మరిచిపోయి వెక్కివెక్కి ఏడ్చాడు. "వద్దులే తల్లీ. వాన లేకపోతే పోనీ, నిన్ను వాడికి ఇవ్వను" అన్నాడు. కుముదవల్లికి భయంగానే ఉంది. అయినా బయట ఖాళీ తొట్లు నాకుతున్న దూడలు కనబడుతుంటే వద్దనడానికి నోరు రాలేదు. "వెళ్తాను నాన్నగారూ" అంది.

మర్నాడు పొద్దున్నే పెళ్ళికూతుర్ని చేశారు. వంటింట్లో పెళ్ళివంటకి పోలమ్మ మిరపకాయలు దంచుతోంది. రోకలి తుమ్ముతోంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి, "పోలమ్మా, అమ్మాయిగారిని వాడికి అప్పజెప్పేముందు ఆఖరుసారి కప్పతల్లిని ఊరేగిద్దాం. వాన దేవుడు కరుణిస్తే ఈ పెళ్ళే అక్కర్లేదు కదా" అన్నారు. వాన రానప్పుడు ఆ దేశంలో అలా చేస్తారు. ఒక కప్పని తడిగుడ్డలో వదులుగా చుట్టి రోకలికి కట్టి, వేపకొమ్మలు పెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ గడపగడపకీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద చెంబుడు నీళ్ళు పోస్తుంది. చివరికి కప్పని చల్లటిచోట వదిలేస్తారు. పోలమ్మ దంచుతున్న రోకలినే పట్టుకుని, కప్ప కోసం పెరట్లోకి వెళ్ళింది.

కాసేపటికి కుముదవల్లి పెళ్ళిచీరతోనే పొక్కులవ్వకి చెప్పి వెళ్దామని వచ్చింది.

"అవ్వా, వెళ్తున్నాను. నీవల్ల అందరూ పరిచయమయ్యారు. బోదురుకప్ప, బొట్టుకప్ప, బూరెకప్ప, తపతపకప్ప. ఆ నిమ్మచెట్టు కింద ఉండేదాని పేరు మాత్రం నిన్ను అడగనే లేదు."

"నిమ్మచెట్టు కిందా? అక్కడెవరున్నారే?"

"ఎప్పుడూ అక్కడే ఉంటుందిగా అవ్వా. రాయి పక్కన. చూడడానికి మామూలుగా ఉంటుంది. జబ్బుగా ఉందేమోనని కదిలించలేదు."

"నేను చీమల కోసం రోజూ నిమ్మచెట్టు కిందికే వెళ్తాను పిల్లా. అక్కడ ఏ కప్పా లేదు."

కుముదవల్లి ఒక్క ఉరుకున నిమ్మచెట్టు దగ్గరికి వెళ్ళింది. రాయి పక్కన ఒక చిన్న గుంట మాత్రమే ఉంది. కప్ప లేదు.

ఏమైందో మీరు చెప్పగలరా? పోలమ్మ పెరట్లోకి వచ్చేసరికి కప్పలన్నీ గెంతి పారిపోయాయి. ఒక్కటి మాత్రం కదలకుండా కూర్చుంది. మిగతా కప్పల కంటబడకూడదని మాంత్రికుడు దాన్ని కదలొద్దన్నాడు. కదలని కప్పే పోలమ్మ చేతికి సులువుగా చిక్కింది. ఆవిడ దాన్నే రోకలికి కట్టింది.

కుముదవల్లి పొక్కులవ్వని తడిగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని వాకిట్లోకి పరిగెత్తింది. "మెల్లిగా పిల్లా, నా పొక్కులు నలుగుతున్నాయి!" అని అవ్వ మొత్తుకుంటూనే ఉంది. కప్పతల్లి మొదట రాజుగారి గడపకే రావాలి కాబట్టి ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అప్పుడే ధూమజటుడు కూడా పూలదండ వేసుకుని దిగాడు. రోకలి మీది కప్పని చూశాడు. వాడి మొహం పాలిపోయింది.

"ఛీ ఛీ! పెళ్ళి వాకిట్లో కప్పలేమిటి? వదిలెయ్యండి దాన్ని!"

"తొందరేమిటి? కప్పతల్లికి నీళ్ళు పొయ్యనివ్వండి" అంది కుముదవల్లి. తప్పు కప్పని పట్టుకుంటే ఒక నోరులేని జీవి ఉసురు తగులుతుందని ఆమె భయం. అందుకని చెంబెత్తి సన్నటి ధారగా పోస్తూ, కళ్ళార్పకుండా చూసింది. పెరటి కప్ప ఏదైనా అయితే పొట్టని తడిగుడ్డకి ఆనించి ఊరుకోవాలి. ఈ కప్ప నోరు తెరిచింది. గుటక వేసింది. మళ్ళీ గుటక వేసింది. అటు చూస్తే ధూమజటుడి గొంతులో కూడా గుటక దిగుతోంది!

ఎవరికీ అనుమానం రాదని కప్పలో ప్రాణం దాచాడు గాని, కప్పలంటే అసహ్యం కాబట్టి ఆ మాంత్రికుడు ఏనాడూ ఒక కప్పని దగ్గరగా చూడలేదు. మంత్రంతో ఈ కప్పని చేసినప్పుడు కాళ్ళు పెట్టాడు, కళ్ళు పెట్టాడు, తోలు పెట్టాడు. నీళ్ళు తాగడం మాత్రం తనకి తెలిసినట్టే నేర్పాడు.

"దొరికావు!" అని కుముదవల్లి అరిచింది. ధూమజటుడు మంత్రం చదవబోతూ రోకలి మీదికి దూకాడు. పెళ్ళికొడుక్కి కూడా కప్పతల్లి దీవెన కావాలేమో అనుకుని పోలమ్మ బిందెడు నీళ్ళూ వాడి నెత్తిన దిమ్మరించింది. చుయ్‌మని జడల్లో పొగ చల్లారిపోయింది. వాడు చదివిన మంత్రం ఉత్త మాటైపోయింది. అన్నలిద్దరూ చెరో చెయ్యీ విరిచి పట్టుకున్నారు.

కుముదవల్లి కప్పని విప్పి అరుగు మీద పెట్టింది. దాని ఎదురుగా పొక్కులవ్వని పెట్టింది. అవ్వ అటూ ఇటూ చూసి, "ఎక్కడే పిల్లా? నాకేం కనిపించడం లేదు" అంది.

ధూమజటుడు ఇకిలించాడు. "కనిపించదు! దాని కాళ్ళు ఎప్పుడో మంత్రంతో కట్టేశాను, పొగ చల్లారినా ఆ కట్టు వీడదు. ఎవరు కదిపినా కదలదు. ఈ ఎండకి నా జడలు ఎంతసేపట్లో ఆరతాయి? ఆరగానే మీ అందర్నీ చీపురుకట్టలు చేస్తాను."

ఎండ మండిపోతోంది. జడల కొసలు అప్పుడే ఆరుతున్నాయి. కుముదవల్లి వేపరెబ్బతో కప్పని పొడిచింది. కదల్లేదు. దాని చెవి దగ్గర చప్పట్లు కొట్టింది. కదల్లేదు. జడలోంచి సన్నగా పొగ లేచింది. అప్పుడామెకి ఒక సంగతి తట్టింది. నీళ్ళు చూడగానే గుటక ఆపుకోలేకపోయాడు కదా. వీడు కట్టగలిగింది కాళ్ళనే. దప్పికని కట్టలేకపోయాడు. మరి ఉలికిపాటుని కట్టగలడా? చుట్టూ చూసింది. పోలమ్మ చేతులకి ఇంకా ఎర్రటి కారం అంటుకునే ఉంది.

"పోలమ్మా, మన రోకలి ఎందుకు తుమ్ముతుందో ఇప్పుడు చూద్దాం!"

కుముదవల్లి పోలమ్మ చేతిమీది కారం తీసి రోకలి కొసకి రుద్ది, ఆ కొసని మాంత్రికుడి చెవి దగ్గర పెట్టింది.

"హా...హా...హాఛ్!!"

రోకలి తుమ్ముకి చిలుకలన్నీ లేచిపోయాయి. ధూమజటుడు ఎగిరిపడ్డాడు. వాడితోపాటు అరుగు మీద కప్ప కూడా ఎగిరిపడింది.

"ఆఁ, ఇప్పుడు కనబడింది" అంది పొక్కులవ్వ. నాలుక తళుక్కుమంది. అవ్వ కళ్ళు రెండూ లోపలికి దిగి మళ్ళీ పైకొచ్చాయి. అంతే. అన్నల చేతుల్లో పూలదండ, పాంకోళ్ళు, కాస్త మసి మాత్రం మిగిలాయి. "ఛీ, పొగచూరిన చేదు" అని అవ్వ మొహం చిట్లించింది.

రోకలి కూడా కింద పడింది. పడినచోట నుంచి ఒక యువకుడు లేచాడు. మెడలో వేపకొమ్మలు ఉన్నాయి, కళ్ళెర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది. ఇంకో రెండు తుమ్ములు తుమ్మి, "క్షమించాలి, నేను కొండవాగు ఉదయవర్ధనుణ్ణి. నన్ను రోకలి చేశాక తన కప్ప క్షేమంగా ఉందో లేదో చూసుకోవడానికి వచ్చి వాడు నన్ను మీ పెరటి గుమ్మం దగ్గర పడేసి పోయాడు" అన్నాడు. పోలమ్మ లెంపలు వేసుకుని, "అయ్యో బాబూ, ఎన్ని మిరపకాయలు దంచానో నీతో!" అని ఏడ్చింది.

అంతలో నల్లటి మబ్బులు కమ్ముకొచ్చాయి. మొదటి చినుకు రాజుగారి ముక్కు మీద పడింది. తరవాత లెక్కపెట్టడం ఎవరివల్లా కాలేదు. ఊరంతా తడుస్తూ గంతులేసింది. కుముదవల్లి మాత్రం పెరటి గుమ్మంలోకి పరిగెత్తింది. అరటి పాదులో మట్టి పెళ్ళగిలింది. బూరెకప్ప తల బయటపెట్టింది. దాని పక్కన ఇంకోటి లేచింది. పడుకున్నవాళ్ళందరూ లేచారు. ఆ సంతోషానికి ఆమె ఏడుస్తూ నవ్వింది.

కప్పలన్నీ ఒక్కసారి గొంతెత్తాయి. కుముదవల్లికి అందరి మొహాలూ తెలుసు గాని ఏ గొంతు ఎవరిదో తెలియదు. ఉదయవర్ధనుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ వంటింటి మూలన నిలబడి వానాకాలమల్లా ఈ గొంతులే విన్నాను. మొహాలెప్పుడూ చూడలేదు. బావివైపు నుంచి గట్టిగా బావురుమనేది ఎవరు?"

"బోదురుకప్ప. అదిగో, వానకి ఒళ్ళంతా పసుపురంగైంది చూడండి!"

"మరి గోడమీద టకటకా అనేది?"

"బొట్టుకప్ప అయి ఉంటుంది! ఇంకా చెప్పండి, ఇంకా ఎన్ని గొంతులున్నాయి?"

ఒకరు మొహం చూపించారు, ఒకరు గొంతు గుర్తుపట్టారు. అలా ఇద్దరూ తడుస్తూ పెరడంతా తిరిగారు. భోజనానికి పిలిస్తే వినబడలేదు. భూరిసేనుడు అది చూసి రాణిగారితో, "పందిరి ఎలాగూ వేసే ఉంది, పెళ్ళికొడుకుని మారిస్తే సరి" అన్నాడు. ఆషాఢం రాకముందే, ఆ రోజే, అదే ముహూర్తానికి పెళ్ళి చేసేశారు. అక్షింతలు తడిసి ముద్దయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు కొండవాగు రాజ్యం ఏలారు. ఆ రెండు దేశాల్లోనూ ఇప్పటికీ గంజి చల్లారాకే తూములో పోస్తారు.

కథ అయిపోయింది, ఇక ఊఁ కొట్టడం ఆపవచ్చు. ఈసారి మీ పెరట్లో కప్ప కనబడితే ఛీ అనకండి. వేళ్ళకి బొట్లున్నాయేమో, వీపున గీత ఉందేమో, మడమతో మట్టి తవ్వుతుందేమో చూడండి. ఎంతసేపైనా కదలనిది ఒకటి ఉందనుకోండి, చెంబుడు చల్లటి నీళ్ళు మెల్లిగా పోసి చూడండి. నోరు తెరిచి గుటక వేసిందా, నన్ను పిలవకండి. పొక్కులవ్వని పిలవండి.